అలిగిన సిలిండర్ల కాక

మొన్న కాకను సాగనంపడానికి వెళ్లి మేమంతా సమాధి పక్కనే నవ్వాం. తప్పే. కానీ ఆగలేదు.

ముందు పాస్టర్ గారు ఆయన పూర్తి పేరు చదివారు. బైబిల్‌లోంచి తీసుకున్న రెండు పేర్లు, వాటి ముందు ఇంటిపేరు. వరంగల్ ఆటోనగర్ నుంచి వెళ్లిన వాళ్లం నలభై మందిమి ఉంటాం, ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్లుగా ఆయన మాకు కాక. అంతకు మించి ఆయనకు ఇంకో పేరు ఉంటుందన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు. నా వెనక నిలబడ్డ లేత్ పని అతను మెల్లగా, "అక్కా, మనం వేరేటోల్ల దానికి రాలేదు గదా?" అని అడిగాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని లేదన్నట్టు తలూపాను.

తర్వాత పెట్టె మూత బిగించేశారు. దింపబోతుంటే చిన్నమ్మ, అంటే కాక భార్య, "జర ఆగుండ్రి. కండ్లద్దాలు పెట్టలే" అంది. అద్దాలు లేకుండా ఆయన అన్నం కంచం కూడా వెతుక్కోలేడు, అక్కడికి వెళ్లి ఏం చూస్తాడని ఆమె బాధ. సరే, మూత తెరవాలి. నాలుగు స్క్రూల్లో మూడు వచ్చాయి. నాలుగోది తిరుగుతోంది కానీ పైకి రావడం లేదు.

అంతే, అప్పటిదాకా చేతులు కట్టుకుని తలలు వంచుకుని నిలబడ్డ మెకానిక్కులంతా ఒక్కసారి ముందుకు వచ్చేశారు. ఒకడు వంగి స్క్రూ దగ్గర చెవి పెట్టాడు. ఇంకొకడు "చుట్టూత మెల్లగ కొట్టాలె, ఒక్క దిక్కే కొట్టద్దు" అన్నాడు. మూడోవాడు ఎవరి బండిలోనన్నా డీజిల్ ఉందా అని అడుగుతున్నాడు. పాస్టర్ గారు పుస్తకం మూసి పక్కకు జరిగారు. చిన్నమ్మ ఏడుపు ఆపి వాళ్లందరినీ కాసేపు చూసింది.

"జరుగుండ్రి అందరు. మీరు గిట్ల మీదవడ్తె అది ఇంకింత బిగుసుకుంటది. మీ కాక దినాం గిదే జెప్తుండె గద" అంది.

ముందు నవ్వింది చిన్నమ్మే. తర్వాత మాకు అనుమతి దొరికినట్టయింది. చివరికి ఆమె ఇంటి తాళంచెవి మూత సందులో పెట్టి లేపితే స్క్రూ వచ్చింది. అద్దాలు పెట్టారు. ఆ అద్దాల ఒక కాడకు ఊడిపోకుండా నల్ల రబ్బరు రింగు తొడిగి ఉంది. అది నా దుకాణంలోదే, అడగకుండా తీసుకున్నాడు.

నాది సీళ్ల దుకాణం. మా నాన్న పెట్టాడు, ఆయన తర్వాత నేను కూర్చున్నాను. మట్టి తవ్వే మిషన్ చెయ్యి ముడవాలన్నా, టిప్పర్ తొట్టి లేవాలన్నా, హార్వెస్టర్ ముందు భాగం పైకి కిందికి జరగాలన్నా హైడ్రాలిక్ సిలిండర్ ఉండాలి. లావుపాటి ఇనుప గొట్టం, దాంట్లో నూనె, నూనె ఒత్తిడికి జరిగే రాడ్డు. నూనె బయటకు రాకుండా లోపల రబ్బరు సీళ్లు ఉంటాయి. అవి అరిగితే నూనె కారుతుంది, ఎత్తిన బరువు నిలబడదు, దిగిపోతుంది. సీలు మార్చడం పది నిమిషాల పని. కానీ మార్చాలంటే గొట్టం మూతి దగ్గర మరలతో బిగించిన మూత విప్పాలి. ఐదారేళ్లు బురదలో, ఎండలో, తుప్పులో ఉన్న మూత అంత తేలిగ్గా రాదు. ఆ మూత విప్పడం కాక పని. మిగతాదంతా ఆయన లెక్కలో పని కాదు.

"బిగిచ్చుడు ఎవ్వడైన బిగిస్తడు. ఇప్పదీసుడే గద తెలివి" అనేవాడు.

ఆయన షెడ్డు నా దుకాణం పక్కనే. సిలిండర్‌ను తేగానే పానా పట్టుకోడు. ముందు దాన్ని కడుగుతాడు, గోనెసంచి పరిచి దాని మీద పడుకోబెడతాడు, మూత చుట్టూ గోరువెచ్చని డీజిల్ పోస్తాడు. "అల్లుడు అలిగి వచ్చిండు. కాళ్లకు నీళ్లిచ్చి, చాయ్ వోసి, తర్వాత ముచ్చట వెట్టాలె. రాంగనే మెడ పట్టుకుంటె వింటడా?" ఇదీ ఆయన పద్ధతి. తర్వాత స్క్రూడ్రైవర్ మొన గొట్టానికి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, చిన్న సుత్తితో చుట్టూ తడుతూ వింటాడు. ఏం వినపడేదో మాకు తెలియదు. ఒకసారి నేను కూడా చెవి పెట్టి చూశాను. నాకు టకటక తప్ప ఏమీ వినపడలేదు. "కోపం ఎడమ దిక్కు ఉన్నది, ఇనవడ్తలేదా?" అన్నాడు కాక. నిజంగానే ఎడమ వైపు తట్టగానే మూత కదిలింది. నాకు ఒళ్లు మండింది.

పని చేస్తూ చర్చి పాటలు పాడేవాడు. గొంతు బాగుండదు, రాగం అసలే ఉండదు. కానీ పాట నడకను బట్టి పని ఎంతవరకు వచ్చిందో నాకు నా కుర్చీలోంచే తెలిసేది. పాట హుషారుగా పోతుంటే మూత తిరుగుతోందని అర్థం. ఒక్కో మాటను పట్టుకుని లాగుతున్నాడంటే పానాకు పైపు తొడిగి బలమంతా పెడుతున్నాడని అర్థం. పాట మధ్యలో ఆగి "హా" అని వినపడితే నేను సీళ్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టేదాన్ని.

యజమానులను మాత్రం షెడ్డులో ఉండనిచ్చేవాడు కాదు. "సొంతదారు ముంగట ఉంటె అది గారాలు వోతది" అని అందరినీ నా దుకాణంలోకి తోలేవాడు. దాంతో నా దుకాణం బస్టాండయింది. టిప్పర్ల వాళ్లు, క్రేన్ వాళ్లు, క్వారీ వాళ్లు నా బల్ల చుట్టూ కూర్చుని, పక్క షెడ్డులోంచి వచ్చే చప్పుడుకు ఉలిక్కిపడుతూ, ఆపరేషన్ గది బయట చుట్టాల్లా నన్ను "ఏమైతాందక్కా లోపల" అని అడిగేవాళ్లు. నేను పాట విని చెప్పేదాన్ని.

సైజులు ఆయనకు నంబర్లలో తెలియవు. పాత సీలు రింగులన్నీ వేళ్లకు తొడుక్కుని వచ్చేవాడు. పది వేళ్లకూ నల్ల ఉంగరాలు పెట్టుకుని, రెండు చేతులూ నా ముందు చాచి నిలబడేవాడు. "సూపుడు వేలుది నాలుగు గావాలె బిడ్డా. బొటనవేలుది ఒక్కటి సాలు."

"నంబర్ జెప్పు కాకా."

"నంబర్ నీకు. నాకు నా వేల్లు సాలు."

పెద్ద రింగులైతే ముంజేతికి గాజుల్లా వేసుకుని వచ్చేవాడు. ఒకసారి అలాగే మరిచిపోయి ఆదివారం చర్చికి వెళ్తే, పక్కన కూర్చున్నాయన "కొత్త మొక్కుబడా?" అని అడిగాడట. చిన్నమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

ఆ ఆదివారాలు చిన్నమ్మకు పెద్ద గండం. మూత వచ్చాక లోపలి పిస్టన్ బయటకు లాగేటప్పుడు ఢబ్‌మని శబ్దం వచ్చి నూనె ఎగజిమ్ముతుంది. కొంచెం పక్కకు నిలబడితే మీద పడదు. కాక ఎన్నడూ పక్కకు నిలబడలేదు. ఎదురుగా నిలబడి, నూనెలో తడిసి, కళ్లు తుడుచుకుని అప్పుడు నవ్వేవాడు. అదీ ఆయన సంబరం. చర్చి నుంచి వస్తూ "జర జూసి వస్త" అని తెల్లచొక్కాతో షెడ్డులో దూరి, నల్లచొక్కాతో ఇంటికి వెళ్లేవాడు. చివరికి చిన్నమ్మ ఆదివారం షెడ్డు తాళంచెవి తన బైబిల్ సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు కాక ఏం చేశాడో తెలుసా, మూత విప్పిన సిలిండర్‌ను ముందు రోజే షెడ్డు బయట దాచిపెట్టుకున్నాడు.

ఆయనకూ నాకూ పడని సంగతి ఒక్కటే. కొయ్యడం. ఇంట్లో పచ్చడి సీసా మూత రాకపోతే రెండోసారి తిప్పకుండా సీసా పగలగొట్టే రకం నేను. మొండి సిలిండర్ వస్తే గ్యాస్ మంట పెట్టి మూత కోసేసి, లేత్ మీద కొత్త మూత చేయించుకోవచ్చు. రెండు రోజుల పని, కచ్చితంగా అయిపోతుంది. వరంగల్‌లో అందరూ అదే చేస్తారు. కాక ఒక్కడే చెయ్యడు. తన షెడ్డులో ఒక్క సిలిండర్‌ను కూడా కొయ్యలేదని ఆయనకు మహా గర్వం. నేను గోడ ఇవతలి నుంచి "కోసెయ్ కాకా" అని అరిస్తే, "కోసుడే ఇష్టమైతె కూరగాయల దుకాణం వెట్టుకోరాదు బిడ్డా" అని గోడ అవతలి నుంచి జవాబు వచ్చేది.

రెండేళ్ల కింద, వరి కోతల కాలంలో, పరకాల అవతలి ఊరి నుంచి సమ్మక్క వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి, గట్టి మనిషి, సొంత హార్వెస్టర్ ఉంది, తమ్ముడు నడుపుతాడు. హార్వెస్టర్ ముందు వరి కోసే వెడల్పాటి భాగాన్ని పైకెత్తే సిలిండర్ కారుతోంది. ఎత్తిన భాగం నిలబడక నేలకు దిగి మట్టి తవ్వుతోంది. సిలిండర్ ఊడదీసి జీపులో వేసుకుని వచ్చింది.

ఆమె పరిస్థితి మొదటి గంటలోనే నాకు తెలిసిపోయింది, నా బల్ల ముందే కదా కూర్చుంది. "ఊరోల్లయి అన్నీ కోసి, మాది ఆఖరుకు కోసుకుంటక్కా ఎప్పుడైన. మిషన్ ఉన్నోల్లం, ముందుగాల మాది కోసుకుంటె బాగుండదు. ఊరంత అయిపోయింది. మా ఆరెకరాలే మిగిలినయి" అంది. టీవీలో వాయుగుండం అంటున్నారు. చుట్టుపక్కల ఒక్క మిషన్ ఖాళీ లేదు. కొత్త సిలిండర్ పంజాబ్ నుంచి రావాలంటే వారం. మూడు రోజుల్లో వాన వస్తుంది, గింజ బరువుకు ఒరిగి ఉన్న ఆరెకరాలు నీళ్లలో పడతాయి. ఆ ఏడు ఆమెకు వచ్చేదంతా ఆ చేనులోనే ఉంది.

కాక సిలిండర్‌ను కడగబోయి ఆగిపోయాడు. మూత అంచు మీద అరచేతి వెడల్పున పసుపు, దాని మధ్యలో కుంకుమ, దాని మీద బెల్లం మెత్తి ఉన్నాయి. ఆ ఏడు మేడారం జాతరకు వెళ్లి, వనదేవతలైన తల్లుల గద్దెల దగ్గర నుంచి తెచ్చిన బొట్టు. కోత కోసే భాగాన్ని లేపేది అదే కనుక దానికి అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది సమ్మక్క.

"తల్లుల బొట్టు. నా చెయ్యి దాని మీద పడద్దు" అన్నాడు కాక. ఆదివారాలకు దాచుకున్న తెల్ల రుమాలు తీసి, మూత చుట్టూ ఆ బొట్టు మీదుగా జాగ్రత్తగా కట్టాడు. పానా రుమాలుకు తగలకుండా అటూ ఇటూ పట్టుకుని పని మొదలుపెట్టాడు. మతం వేరైనా ఆయన మర్యాద అటువంటిది. సమ్మక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ముచ్చటేసింది.

మొదటి రోజు మూత కదల్లేదు. డీజిల్ పోశాడు, విన్నాడు, తట్టాడు. రెండో రోజు గొట్టాన్ని మరిగే నీళ్లతో వేడి చేశాడు, పానాకు మనిషంత పైపు తొడిగి ముగ్గురితో లాగించాడు. పైపు వంగింది, మూత వంగలేదు. ఇలాంటి మూతలకు కొన్నిటికి పక్క నుంచి చిన్న స్క్రూ పెట్టి తాళం వేస్తారు, అది తీయకుండా తిప్పితే పదిమంది లాగినా రాదు. ఆ సంగతి కాకకు తెలియక కాదు. మొదటి రోజే గోటితో మూత చుట్టూ తడిమి చూసి, "తాళం స్క్రూ లేదు దీనికి, ఉత్త మొండితనమే" అని తేల్చాడు. పాట నెమ్మదించి నెమ్మదించి, ఒక్క మాట దగ్గర నిలబడిపోయింది. సమ్మక్క గంటకోసారి బయటకు వెళ్లి ఆకాశం చూసి వచ్చి కూర్చునేది.

మూడో రోజు పొద్దున మబ్బు పట్టింది. రేపు తెల్లవారేసరికి వాన అని టీవీలో చెప్పారు. సమ్మక్క నా దుకాణం మెట్టు మీద కూర్చుని మొహం కొంగులో పెట్టుకుంది. నేరుగా షెడ్డులోకి వెళ్లాను.

"మొన్ననే కోస్తె లేత్ మీద కొత్త మూత చేపిచ్చి ఈపాటికి బిగిస్తుంటివి కాకా. నీ పంతానికి ఆమె చేను నీల్లపాలయితాంది."

ఆయన ఈసారి కూరగాయల దుకాణం మాట అనలేదు. పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, "గ్యాస్ ఆయన్ను పిలువు బిడ్డా" అన్నాడు.

ఆ మాట వినాలని నేను ఎన్నేళ్లుగా అనుకున్నానో. విన్నాక మాత్రం అస్సలు బాగా అనిపించలేదు. ఇప్పుడు కోసినా రెండు రోజులు పడుతుంది, వాన రేపే. అయినా ఇంకో దారి లేదు. గ్యాస్ పని అతను బండి తోసుకుంటూ వచ్చాడు. కాక పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన అంత చిన్నగా కనపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

సమ్మక్క లోపలికి వచ్చింది. ఈసారి కాక ఆమెను బయటకు పొమ్మనలేదు.

"కోసేటిది కొయ్యుండ్రి. జరంత ఆగుండ్రి, తల్లుల బొట్టు తీసుకుంట. దానికి మంట తగలద్దు" అంది ఆమె. సిలిండర్ ముందు కూర్చుని రుమాలు ముడి విప్పింది. సీసాలో నీళ్లు కొంచెం పోసి, గోటితో పసుపు గీరి కొంగులో వేసుకోసాగింది. బెల్లం కలిసి రాయిలా గట్టిపడింది, తేలిగ్గా రాలేదు. "తల్లీ, తప్పయితె నాది. కాకది లేదు" అని గొణుగుతూ గీరుతోంది. అడుగు పొర వచ్చేసరికి ఆమె వేలు ఆగింది.

"కాకా, గీడ గుంత ఉన్నది."

కాక వచ్చి వంగాడు. అద్దాలు పైకి జరిపి చూశాడు, కిందికి జరిపి చూశాడు. వేలిగోరంత గుంత, దాంట్లో పసుపు నిండిన చిన్న స్క్రూ. తాళం స్క్రూ. రెండు రోజులుగా దాన్ని తియ్యకుండా మూతను తిప్పుతున్నాం. మూత చుట్టూ గోటితో తడిమిన మనిషి ఆ నాలుగు వేళ్ల వెడల్పును మాత్రం తడమలేదు. అది తల్లుల బొట్టు కదా.

ఆయన స్క్రూను చూశాడు, సమ్మక్క చేతిలోని రుమాలును చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా నేల మీద కూర్చున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను దగ్గరకు వెళ్లాను. నవ్వుతున్నాడు. చప్పుడు రాకుండా మొదలై, తర్వాత పెద్దగా, తర్వాత ఊపిరి అందనంతగా.

"రెండు దినాలు బిడ్డా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "రెండు దినాలు దానికి తెల్లబట్ట గట్టి, ఎవ్వలు ముట్టద్దని నేనే కావలి గాసిన."

సమ్మక్క కొంగులో పసుపు పట్టుకుని నవ్వింది. నేను గోడ పట్టుకుని నవ్వాను. గ్యాస్ అతను లైటర్ చేతిలో పట్టుకుని, "కొయ్యాల్నా, వద్దా?" అని ముగ్గురినీ మార్చి మార్చి అడుగుతున్నాడు. అది విని ఇంకా నవ్వాం.

స్క్రూ మూడు చుట్లు తిప్పితే వచ్చేసింది. మూత పానాకు ఒక్క పట్టుకు కదిలింది, తర్వాత చేత్తోనే తిరిగింది. కాక పాట ఎత్తుకున్నాడు, పెళ్లి బ్యాండు వాళ్లు కూడా అంత వేగంగా వాయించరు. పిస్టన్ ఢబ్‌మని వచ్చింది. ఈసారి నూనె ఆయన ఒక్కడి మీదే పడలేదు, సమ్మక్క చీర, నా చీర కూడా ఖరాబయ్యాయి. అరగంటలో కొత్త సీళ్లు వేసి మూత బిగించాడు. బిగించడం తన పని కాదన్న మాట ఆ రోజు గుర్తు రాలేదు.

సిలిండర్ జీపు ఎక్కింది. "నేను వస్త, బిగిచ్చి సూసి వస్త" అని కాక కూడా ఎక్కాడు. సీలు సరిపోకపోతే అక్కడే మార్చాలి కదా అని చెప్పి, రెండు డబ్బాలు సంచిలో వేసుకుని నేనూ ఎక్కాను. అసలు కారణం అది కాదు. పొద్దున అన్న మాట నన్ను కొరుకుతోంది. దారిలో "కాకా, పొద్దున నేను అట్ల అనకుండ ఉండాల్సింది" అన్నాను.

"అన్నది తప్పు గాదు బిడ్డా. నేను కొయ్యనంటి, అది నా పంతమే. ఇప్పుడు గవన్ని ఎందుకు, మబ్బు సూడు" అని తల బయట పెట్టి, డ్రైవరును తొందర పెట్టాడు.

పొలం చేరేసరికి మధ్యాహ్నం కాలేదు. సిలిండర్ బిగించారు. సమ్మక్క తమ్ముడు సీటెక్కి పిడి లాగాడు. హార్వెస్టర్ ముందు భాగం, రెండు మంచాలంత వెడల్పున్నది, మెల్లగా పైకి లేచి గాల్లో నిలబడింది. దిగలేదు.

కాక నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఏంది కాకా, ఎన్నడు సూడనట్టు సూత్తానవ్?" అని సమ్మక్క అడిగింది.

"ఎన్నడు సూడలేదు బిడ్డా" అన్నాడు ఆయన. "రోడ్డు మీదికెల్లి పొయ్యేటియి సూసిన. నేను ఇప్పింది పని జేస్తాంటె ఎప్పుడు సూసిన? నా షెడ్డుకు కాల్లు సేతులు ఊడినయే వస్తయి. నడిసేటియి నా తానకు ఎందుకొస్తయి?"

ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేసిన మనిషి.

కోత మొదలైంది. కాకను గట్టు మీద కూర్చోమంటే కూర్చోలేదు. హార్వెస్టర్ పక్కనే, కోసిన గడ్డిలో తడబడుతూ, లుంగీ ఎగ్గట్టి నడిచాడు. మడి చివర మలుపు దగ్గర ముందు భాగాన్ని పైకి లేపి తిప్పుకోవాలి. అది లేచిన ప్రతిసారీ చెయ్యెత్తి "లేసింది" అని మాకు చెప్పేవాడు, మాకేదో కనపడటం లేదన్నట్టు. దిగితే "దిగింది" అనేవాడు. గట్టు మీద గడ్డి కట్టుకునే ఆడవాళ్లు ఆయన్ను చూసి పని మానేసి నవ్వారు. రెండో ఎకరంలో ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. వెతకడానికి ఆగితే మలుపు దాటిపోతుందని రెండోది కూడా వదిలేశాడు.

"కాకా, పడుతవు. నీకేమన్నయితె చిన్నమ్మకు నేనేం జెప్పాలె" అని సమ్మక్క అరిచింది.

"మంచిగ లేస్తాందని జెప్పు" అన్నాడు.

నాలుగెకరాలయ్యాయి. ఐదయ్యాయి. మబ్బు నల్లబడింది, గాలి లేచింది. చివరి పట్టె కోస్తుండగా నా మోచేతి మీద ఒక చుక్క పడింది. సమ్మక్క మీద కూడా పడినట్టుంది, మొహం పైకెత్తలేదు, కోత వైపే చూస్తోంది. ఆఖరి వరుస మిషన్‌లోకి పోయింది. ధాన్యం ట్రాలీలో పడింది. అందరం కలిసి టార్పాలిన్ లాగి నాలుగు మూలలూ కట్టేసరికి వాన దిగింది. టీవీ వాళ్లు తెల్లవారేసరికి అన్నారు కానీ అది సాయంత్రమే వచ్చింది. సమ్మక్క తడి టార్పాలిన్ మీద చెయ్యి పెట్టి, దాని కింద తన ఆరెకరాలు ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు ఒత్తి చూసింది. తర్వాత అక్కడే నిలబడి గట్టిగా ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

మేమంతా ట్రాలీ చాటుకు పరిగెత్తాం. పెద్దమనిషి తడుస్తున్నాడని సమ్మక్క జీపులోంచి గొడుగు తెచ్చి కాక చేతిలో పెట్టింది. కాక గొడుగు విప్పాడు. విప్పి, నాలుగడుగులు నడిచి హార్వెస్టర్ ముందుకు వెళ్లాడు, వంగి దాన్ని సిలిండర్ మీద పట్టాడు.

"కాకా, గొడుగు నీకిచ్చింది. మిషన్‌కు గాదు" అని నేను అరిచాను.

"నేను తడుస్తె ఆరుత బిడ్డా. ఇది కారుతాందా లేదా, వానల ఎట్ల కనవడ్తది?"

అంగీ అంచుతో రాడ్డు తుడిచాడు, చూశాడు. మళ్లీ తుడిచాడు, మళ్లీ చూశాడు. వాన ఆయన నెత్తి మీదుగా, అద్దాల మీదుగా, వీపు మీదుగా పోతోంది. ఇటు తిరిగి "సుక్క లేదు" అన్నాడు. "ఒక్క సుక్క లేదు బిడ్డా." అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. నాకు అక్కడ, ఆ బురదలో, ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. సీళ్ల సంచి నెత్తిన పెట్టుకుని వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

"తమ్మీ, ఇంకొక్కసారి లేపు" అన్నాడు కాక, సీటు మీదున్న సమ్మక్క తమ్ముడితో.

"కోత అయిపోయింది గద కాకా. ఇంకెందుకు?"

"ఊరికెనే."

అతను పిడి లాగాడు. అది మెల్లగా పైకి లేస్తుంటే, కాక కూడా దాంతోపాటే గొడుగును పైకి జరుపుతూ పోయాడు.